పెంపుడు పక్షి ముక్కు పెరిగినప్పుడు



పరీక్షిత్తునకు భాగవతము వినిపించిన మహర్షి పేరు శుకుడు. శుకమనగా చిలుక. ఆ భాగవతమును తెనిగించిన పోతన స్వగ్రామముగా ప్రసిద్ధి కెక్కిన బమ్మెర నేటి జనగామ జిల్లాలో పాలకుర్తి చెంతనే యున్నది. చిలుక యన్న మన కింత మక్కువ. అయినను ఆ మక్కువ గల యిండ్లలోనే యొక పొరపాటు జరుగుచున్నది. పంజరములోని పక్షికి ముక్కు పొడుగై వంకరపోయినపుడు ఇంటివారు గోళ్ళు తీయు కత్తెరనో, గడ్డము గీసికొను బ్లేడునో చేతబట్టి కత్తిరింప బూనుదురు. పక్షి తిండి తినలేక బాధపడుచున్నదను జాలితోనే ఆ పని చేయుదురు. కాని కొలది నిమిషములలో నా పక్షి నెత్తురోడి ప్రాణము విడుచుట కలదు.

ముక్కు మితిమీరి పెరుగుట తరచుగా లోపలి రోగమునకు బయటి గుఱుతు. దానిని చూడగానే కారణము వెదకవలెను; కోయుటను వైద్యునికి విడువవలెను. ఈ రెండు మాటలును ఏల చెప్పవలసి వచ్చెనో నేటి ప్రసంగములో వివరించెదను.

ముందుగా ముక్కు ఎట్లు నిర్మింపబడినదో చూతము. రైతు లెల్లరు నెఱిగిన పోలిక యొకటి కలదు. ఎద్దు కొమ్ము పైకి ఎండిన కట్టెవలె కనబడును. కాని పోట్లాటలో దాని పైడొప్ప యూడిన నాడు లోపలి భాగము ఎఱ్ఱగా నెత్తురోడుచు బయటపడును. ఎద్దు తన తలను ముట్టనీయదు. పక్షి ముక్కును అట్టిదే. లోపల దవడ యెముక; దానిపై నెత్తురు నాళములును నరములును గల పలుచని సజీవమైన పొర; ఆ పొరపై గట్టి డొప్ప. మన గోళ్ళును, పశువుల కొమ్ముల డొప్పలును ఏ కెరటిన్ అను పదార్థముతో నేర్పడినవో, ఈ డొప్పయు దానితోనే యేర్పడినది. లోపలి పొర ఎప్పటికప్పుడు క్రొత్త కెరటిన్‌ను పుట్టించుచుండుటచే ముక్కు పక్షి బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. చిలుకజాతి పక్షులలో ముక్కు కొనయందు స్పర్శను దెలుపు నరముల మొనలు గుంపులుగా నుండును. గింజ పొట్టు నొలుచుటకును, పిల్లకు మేత నందించుటకును, ఈకలు సవరించుకొనుటకును, కొమ్మ నెక్కునపుడు మూడవ కాలివలె పట్టుకొనుటకును దానికి ముక్కే సాధనము. మనకు చేతివ్రేళ్ళెట్టివో చిలుకకు ముక్కట్టిది.

ముక్కు ఎల్లప్పుడును పెరుగునదే యైనచో అడవిలోని చిలుకకు అది కంఠము దాక ఏల దిగదు? ఎంత పెరుగునో అంతయు అరుగును గనుక. జొన్నచేనిలోను మొక్కజొన్నచేనిలోను మంచె యెక్కి చిలుకలను తోలిన వారికి వాని ముక్కు పని యెట్టిదో తెలియును. కంకిని చీల్చును, గింజను పగులగొట్టును, చెట్టు తొఱ్ఱను గూడుగా చేసికొనుటకు బెరడును చేవకఱ్ఱను కొఱికి వెడల్పు చేయును. మహాదేవపూర్ అడవులలోని చిలుకయైనను, గూడూరు, కొత్తగూడ అడవులలోని చిలుకయైనను దినమెల్ల ఈ పనిలోనే యుండును. రాత్రి నిద్రపోవుటకు ముందు పై ముక్కును క్రింది ముక్కును ఒరసికొనుచు కొఱకొఱమను చప్పుడు చేయుటయు ఈ సవరణలోని భాగమే. అది రోగము కాదు. నాటుకోడి దినమంతయు నేల గీరి పొడుచుకొని తినును గనుక దాని ముక్కును అరుగుచునే యుండును. పంజరములోని పక్షికి కొఱుకుటకు కఱ్ఱ లేదు. పొడుచుటకు నేల లేదు. నున్నని యినుప కమ్మియు, గిన్నెలో పోసిన గింజలును మాత్రమే యున్నవి.

ఇక సహజమైన ముక్కెట్టిది, మితిమీరిన ముక్కెట్టిది? చిలుకకు పై ముక్కు కొక్కెమువలె వంగి క్రింది ముక్కును దాటి యుండుట స్వభావము. రెక్కపై ఎఱ్ఱమచ్చ గల పెద్ద చిలుకకు ముక్కు పుట్టుకతోనే భారీగా నుండును. పైపొర అక్కడక్కడ సన్నని పెచ్చులుగా రాలుటయు సహజమే. వీనిని జూచి భయపడ బనిలేదు. ముక్కు కొన మెడకో రొమ్మునకో తగులుచున్నను, రెండు ముక్కులు కలిసి మూతపడకున్నను, క్రింది ముక్కు ప్రక్కకు పోవుచున్నను, గింజ నోటినుండి జారిపోవుచున్నను, ముక్కుపై గోధుమరంగు లేక నల్లని మచ్చలు కనబడినను అది వైద్యునికి చూపవలసిన స్థితి. అన్నిటికన్న నమ్మదగిన సాక్షి బరువు. వారమున కొకమారు చిన్న త్రాసులో పక్షిని తూచి కాగితముపై వ్రాసి యుంచవలెను. ఈకలు దట్టముగా నుండుటచే పక్షి చిక్కిపోయినను కంటికి తెలియదు, త్రాసు చెప్పును.

మితిమీరి పెరుగుటకు కారణములు పెక్కులు. అరుగుదల లేకపోవుట వానిలో నొకటి మాత్రమే. మన బజారులలో లవ్‌బర్డ్సు అను పేర అమ్ము చిన్న పక్షులు నిజమునకు బడ్జెరిగారు అను జాతివి. వాని పుట్టిల్లు ఆస్ట్రేలియా. జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రవేత్త 1840లో వానిని ప్రాణములతో ఇంగ్లండునకు కొనిపోగా, అచటినుండి లోకమంతట వ్యాపించెను. ఈ పక్షులకు ముక్కు వంకరపోవుటకు తరచుగా గజ్జి వంటి యొక వ్యాధి కారణము. నాటుకోళ్ళ కాళ్ళపై పొలుసులు లేచి సున్నము పూసినట్లగుట పెద్దలు చూచియే యుందురు. అది కంటికి కనబడని యొక సూక్ష్మమైన పురుగు చేయు పని. ఆ కుటుంబమునకే చెందిన మఱియొక పురుగు ఈ చిన్న పక్షి ముక్కు మొదట చేరి తొలుచును. అచట తేనెతుట్టెవలె సన్నని రంధ్రములు గల తెల్లని పొరలు కట్టును. క్రమముగా ముక్కు రూపు చెడును. ఇట్టి పక్షి ముక్కును ఎన్నిమారులు సవరించినను పురుగు చావనిదే ప్రయోజనము లేదు. పశువైద్యుడు ఐవర్‌మెక్టిన్ వంటి మందును పక్షి బరువును బట్టి లెక్కగా కొలిచి యిచ్చును. గొఱ్ఱెలకై తెచ్చి యింట నుంచిన మందును పక్షికి పోయుట ప్రాణాపాయము. గొఱ్ఱెకు చుక్క యనిపించునది పక్షికి విషమగును. కిరసనాయిలు పూయుటయు కూడదు.

రెండవ కారణము కాలేయపు జబ్బు. పొద్దుతిరుగుడు గింజలు, వేరుసెనగలు మాత్రమే పెట్టి, ఎగురుటకు చోటీయక పెంచిన పక్షికి కాలేయములో క్రొవ్వు పేరుకొనును. అట్టి పక్షికి ముక్కు వేగముగా పెరుగును, పెళుసగును, దానిపై నెత్తురు గడ్డకట్టినట్టి మచ్చలు పొడసూపును. మూడవది ఆహారలోపము: ఏ విటమినును, సున్నపు సత్తువయు చాలనిచో డొప్ప సరిగా నేర్పడదు. నాలుగవది దెబ్బ: పంజరపు కమ్మిలో ఇఱుకుకొనుట వలననో, గోడకు తగులుట వలననో లోపలి పొర దెబ్బతిన్నచో ఆ వైపు ముక్కు వంకరగా పెరుగును. ఐదవది పుట్టుకతో వచ్చిన వంకర. ఆఱవది చిలుకజాతికి వచ్చు ఒక వైరస్ వ్యాధి. దానివలన ఈకలు రాలి, క్రొత్తవి వికారముగా మొలచి, ముక్కు పెరిగి విఱుగును. ఇది ఒక చిలుకనుండి మఱియొక చిలుకకు సోకును గనుక అనుమానము కలిగినపుడు ఆ పక్షిని వేఱుపఱుపవలెను.

ఇప్పుడు కోయుట యేల ప్రమాదమో లెక్కతో చెప్పెదను. బడ్జెరిగారు పక్షి తూకము ముప్పది మొదలు నలువది గ్రాములు. పక్షి దేహములో నెత్తురు సుమారు పదవవంతు. 35 గ్రాముల పక్షికి మొత్తము నెత్తురు 3.5 మిల్లీలీటరులు, అనగా చుక్కలలో లెక్కించిన డెబ్బది చుక్కలు. ఆరోగ్యము గల పక్షి యందులో ఏడు చుక్కలు పోయినను తట్టుకొనవచ్చును. రోగపు పక్షికి అదియు కష్టము. ముక్కు పెరిగినపుడు లోపలి నెత్తురు నాళమును దాని వెంట కొంత ముందునకు సాగి యుండుట కలదు. నల్లని ముక్కులో అది పైకి కనబడనే కనబడదు. ఇందులో మఱియొక చిక్కున్నది. కాఱిన నెత్తురు గడ్డకట్టుటకు వలయు పదార్థములను తయారుచేయునది కాలేయము. కాలేయము చెడినందుననే ముక్కు పెరిగిన పక్షికి ఆ పదార్థములు కొఱవడును. అనగా ఏ పక్షి ముక్కు కోయవలె నని మనకు తోచునో, ఆ పక్షికే నెత్తురు ఆగక కాఱు భయ మెక్కువ.

కత్తెరతో నొక్కి కోసినపుడు డొప్ప నిలువున చీలి మొదలు దాక పోవుటయు కలదు. ఆ చీలిక లోపలి పొరను చేరినచో అటుపైన మొలచు ముక్కంతయు వంకరయే. ఇక పట్టుకొనుటలోని యపాయము వేఱు. మనకు రొమ్మునకును కడుపునకును నడుమ ఊపిరి యాడించు పొర యున్నది. పక్షికి అట్టి పొర లేదు. రొమ్ముటెముక ముందునకు వెనుకకు కదలిననే దానికి గాలి యాడును. కదలకుండ గట్టిగా పట్టుకొందమని రొమ్మును పిడికిట బిగించినచో, నోరు తెఱచి యున్నను ఊపిరాడక చచ్చును.

కోళ్ళ షెడ్లలో వేలకొలది పిల్లలకు ముక్కులు కత్తిరించుట లేదా యని కొంద రడుగుదురు. కత్తిరించుట నిజమే. ఆ పని సాధారణముగా పిల్ల పుట్టిన పది దినముల లోపున, ఎఱ్ఱగా కాగిన పలక గల యంత్రముతో, ఆ పనియందు అలవాటు గలవారు చేయుదురు. కాలిన వెంటనే నెత్తురు నాళము మూసికొనును. అది కోళ్ళు ఒకదాని నొకటి పొడుచుకొని చంపుకొనకుండుటకై చేయునది గాని ముక్కును బాగుచేయుటకు గాదు. దానివలన కోళ్ళకు నొప్పి కలుగుననియు శాస్త్రజ్ఞులు తేల్చిరి. కోడి మెత్తని దాణాను ఏఱుకొని బ్రతుకును. చిలుక గింజ నొలిచికొననిదే బ్రతుకదు. కావున దానిని జూచి దీనిని చేయరాదు.

మఱి వైద్యుడేమి చేయును? మొదట తూచును. మొగము, ఈకలు, రెట్ట పరీక్షించును. వలసినచో ముక్కుపైని పొరను కొంచెము గీచి సూక్ష్మదర్శినిలో చూచును. నెత్తురు పరీక్ష చేయించును. కారణము తెలిసిన పిదపనే ముక్కును సవరించును. సవరణయు కోతవలె నుండదు. పక్షిని మెత్తని తుండుగుడ్డలో చుట్టి, రొమ్ము వదులుగా నుంచి, ఆకురాయితోనో, గిరగిర తిరుగు చిన్న సాన యంత్రముతోనో పొడి రాలునట్లు కొంచెము కొంచెముగా అరగదీయును. చాల పెరిగినదానిని ఒక్కమారుగా గాక కొన్ని దినముల యెడముతో రెండు మూడు మారులుగా సరిచేయుటయు కలదు.

పంజరములో తగులుకొని ముక్కు చిట్లి నెత్తురు కాఱుట అప్పుడప్పుడు జరుగును. అపుడు తొట్రుపడరాదు. మెత్తని మొక్కజొన్న పిండినిగాని గోధుమ పిండినిగాని నెత్తురు వచ్చుచోట అద్ది, శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషములు మెల్లగా నొక్కి పట్టవలెను. ముక్కు రంధ్రములు మూయరాదు. సున్నము, పొగాకు పొడి, కిరసనాయిలు వంటివి తాకింపరాదు. పక్షి వానిని మ్రింగును. పిదప పంజరముపై గుడ్డ కప్పి, చీకటిగా, వెచ్చగా, సందడి లేనిచోట నుంచి, ఆనాడే వైద్యునికి చూపవలెను.

ఇంటివారు నిర్భయముగా చేయదగిన పని మఱి యేమి? ముక్కు తనంత తాను అరుగునట్లు చూచుటయే. పంజరములో నినుప కమ్మికి మారుగా జామకొమ్మనో, వేపకొమ్మనో బెరడుతో సహా కడిగి యమర్పవలెను. కొమ్మ ఒకచోట లావు, ఒకచోట సన్నము ఉండుట మేలు. కొఱికి పాడుచేసినపుడు మార్చవలెను. పాడుచేయుటయే దానికి వైద్యము. గన్నేరు, జిల్లేడు వంటి విషపు కొమ్మలు పెట్టరాదు. గరుకు కాగితము చుట్టిన కొయ్యలు అంగడిలో దొరకును. అవి ముక్కు నరుగదీయవు, పాదములను మాత్రము పుండ్లు చేయును. పచారి కొట్టులలోను మూలికల కొట్టులలోను సముద్రపునురుగు అను పేర నమ్మెడి తెల్లని పలుకను పంజరమునకు కట్టిన, ముక్కు నొరసికొనుటకును సున్నపు సత్తువకును పనికివచ్చును.

మేత విషయములో మన మెట్టపంటలే చాలును. సజ్జలు, కొఱ్ఱలు, జొన్నలు, పాలుపట్టిన మొక్కజొన్న కంకి. వీనితో బాటు ప్రతిదినము మునగాకు, పాలకూర, గాజరగడ్డ, జామపండు. వీనిలో ఏ విటమినునకు మునగాకును గాజరగడ్డయు మేలైనవి. మహబూబాబాదు ప్రాంతమున విరివిగా పండు ఎఱ్ఱమిరపయు చిలుకకు మంచి యాహారము. మనకు మంటగొలుపు పదార్థము పక్షి నోటికి తెలియదు. కాని పురుగుమందు చల్లిన కాయలను పెట్టరాదు. పొద్దుతిరుగుడు గింజలు, వేరుసెనగలు చిరుతిండిగా రెండు మూడు మాత్రమే. మిరపకాయ బజ్జీలు, ఉప్పు కారము కలిపిన అటుకులు, చాయ, చాక్లెట్లు పక్షికి పెట్టుట ముద్దు కాదు, హాని. దినమునకు కొంతసేపు తలుపులు మూసిన గదిలో, తిరుగు ఫ్యాను నిలిపి, ఎగురనీయవలెను. పంజరము శుభ్రము చేసిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. చిలుకలనుండి మనుష్యులకు సోకు ఊపిరితిత్తుల జ్వర మొకటి కలదు గనుక, పక్షి జబ్బుపడిన యింట నెవరికైనను జ్వరము, దగ్గు వచ్చినచో పక్షి మాట వైద్యునికి చెప్పవలెను.

ఇక చట్టపు మాట చెప్పక తప్పదు. భద్రాచల రామదాసు పూర్వజన్మమున చిలుకను పంజరమున బంధించినందులకే గోలకొండలో పండ్రెండేండ్లు చెఱ ననుభవించెనని మన పెద్దలు కథ చెప్పుదురు. ఆ కథలోని నీతి నేడు శాసనమే యైనది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, ఇంట పెంచుటయు నేరము. కంఠమున గులాబి రేఖ గల రామచిలుకయు, పైన చెప్పిన పెద్ద చిలుకయు, రేగుపండు రంగు తల గల చిన్న చిలుకయు ఇందులోనివే. జోస్యము చెప్పువాని పంజరములోని చిలుకయు ఇంతే. ఆస్ట్రేలియా బడ్జెరిగారు వంటి పక్షులకు ఈ నిషేధము లేదు.

ఇచ్చటనే పెద్దల సహాయము మిక్కిలి యవసరము. రామచిలుకను తెలియక పెంచినవారు దాని ముక్కు పెరిగినపుడు వైద్యుని యొద్దకు పోవుటకు జంకుదురు. పట్టుబడుదు మను భయముతో ఇంటనే కత్తెర చేపట్టుదురు. చట్టపు భయము పక్షిని కాపాడుటకు బదులు చంపుచున్నది. అట్టివారికి ధైర్యము చెప్పి, పక్షిని జిల్లా అటవీశాఖ కార్యాలయమున నప్పగించునట్లు చేయుట పెద్దల వలన నగు పని. మీ వంటివారొకరు తోడుగా వెళ్ళినచో ఆ యింటివారి జంకు సగము తీఱును. పుణ్యమని తలచి దానిని తామే ఎగురవేయుటయు తగదు. ముక్కు వంకరయైన పక్షి, పంజరములో పెరిగి మేత వెదకుట యెఱుగని పక్షి, అడవిలో నాలుగు దినములు నిలువదు. దానికి చికిత్స చేయించి ఎప్పుడు విడువవలెనో అటవీశాఖవారు నిర్ణయింతురు.

పెంచదగిన పక్షి యైనచో మొదట మండలపు పశువైద్యశాలకు పోవలెను. చిన్న పక్షులకు వలయు సాధనము లచట లేనిచో వైద్యుని సలహాతో పెద్ద చోటికి కొనిపోవచ్చును. వరంగల్లు ఖమ్మము మార్గములో మామునూరు వద్ద పశువైద్య కళాశాల యున్నది. మహబూబాబాదువారు వరంగల్లు దాక రైలులోను, భూపాలపల్లివారు పరకాల మీదుగా బస్సులోను అచటికి చేరవచ్చును. జనగామవారికి అటు మామునూరును, ఇటు హైదరాబాదు రాజేంద్రనగరులోని కళాశాలయు అందుబాటులోనే యున్నవి. హైదరాబాదు కళాశాల 1946లో స్థాపింపబడినది. ప్రయాణమున పంజరమును గాలికి వ్రేలాడదీసి కొనిపోరాదు. రంధ్రములు చేసిన అట్టపెట్టెలో పాతగుడ్డ పఱచి, పక్షి నుంచి, మధ్యాహ్నపు టెండ తప్పించి, ఉదయముననే బయలుదేరవలెను. వ్రాసి యుంచిన బరువుల కాగితమును, ఆనాటి రెట్ట పడిన కాగితమును వెంట తీసికొనిపోయిన వైద్యునికి సగము విషయము తెలియును.

పక్షి మాటలాడి తన జబ్బును చెప్పుకొనలేదు. నేర్చిన నాలుగు పలుకులలో ఆ మాట లేదు. ముక్కు పెరిగినదని మీ వీధిలో నెవరైనను బ్లేడు వెదకుచున్నపుడు, ఎద్దు కొమ్ము సంగతి జ్ఞాపకము చేసి వారిని వారింపుడు. ఆ పూటకు పిండిలో నానబెట్టిన మెత్తని మేత పెట్టించి, మఱునాటి ఉదయము వైద్యుని యొద్దకు పంపుడు.